ఆవిడ చూడని మంచు

వేడి గురించి పాఠాలు చెప్పి బతికినవాణ్ణి నేను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారుగా చేరి, ఆ పాఠాలు చెబుతూనే రిటైరయ్యాను. ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అనే మూడు మాటల్ని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో లెక్క లేదు. ఉన్ని బట్ట వేడిని పుట్టించదని, ఒంటి వేడిని బయటికి పోనివ్వదని, అందుకు కారణం ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలేనని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. అలాంటి నేను అలాస్కా ఓడ ప్రయాణానికి బట్టలు సర్దేటప్పుడు ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా గుర్తు తెచ్చుకోలేదు. గుర్తు తెచ్చుకోకపోవడం ఒక తెలివితక్కువతనం. తెలిసినవాళ్లు చెబితే వినకపోవడం అంతకన్నా పెద్దది. దాని ఫలితం నా మీద పడి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు. మా ఆవిడ మీద పడింది.

అమ్మాయి, అల్లుడు సియాటిల్‌లో ఉంటారు. అక్కడి రేవు నుంచి ఏటా వేసవిలో అలాస్కాకి పెద్ద ఓడలు బయల్దేరతాయి. ఏప్రిల్ నెలాఖరుకి మొదలై అక్టోబరుకల్లా ఆగిపోతాయి. ఎక్కువగా ఏడు రాత్రుల ప్రయాణం. కొండలకీ దీవులకీ మధ్య నుంచి ఉత్తరానికి సాగి, జూనో, స్కాగ్వే, కెచికాన్ వంటి ఊళ్లలో ఆగుతూ, ఒక రోజంతా గ్లేసియర్ బే అనే జాతీయ పార్కులో గడిపి వెనక్కి వస్తాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన మన తెలుగు తల్లిదండ్రుల్లో ఈ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. మేం ఇండియాకి తిరిగి వచ్చే ముందు, సెప్టెంబరులో వెళ్లాం. అప్పటికి టికెట్ల ధర తగ్గుతుంది, వానలు పెరుగుతాయి. కిటికీ లేని లోపలి గది చాలన్నది నేనే. రోజంతా పైనే తిరుగుతాం కదా, పడుకోవడానికి గదికి అంత డబ్బెందుకన్నాను.

ఈ ప్రయాణం కోరుకున్నది మాత్రం నేను కాదు. మా ఆవిడ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. వరదలో గోదారిని, వేసవిలో ఇసుక మేటలు వేసిన గోదారిని చూసింది. మంచు కూడా నదిలా కొండల మీంచి కదిలి వస్తుందని, వచ్చి సముద్రంలోకి విరిగి పడుతుందని ఎప్పుడో టీవీలో చూసి, అది ఒకసారి కళ్లారా చూడాలని అమ్మాయితో ఫోన్లో అంది. నాతో ఆ మాట అన్న గుర్తు లేదు. అంటే నేను విన్న గుర్తు లేదని కూడా అర్థం. అమ్మాయి ఆ మాట మనసులో పెట్టుకుని టికెట్లు కొంది.

టికెట్లతో పాటు బట్టలూ కొంది. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు పెద్ద సంచులు తెచ్చి సోఫా మీద పరిచింది. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే మెరినో ఉన్ని లోపలి బట్టలు, మెత్తటి ఫ్లీస్ జాకెట్లు, తల మీదికి టోపీ ఉన్న పల్చటి వాన జాకెట్లు, ప్యాంటు మీద వేసుకునే వాన ప్యాంట్లు, ఉన్ని మేజోళ్లు, చేతి తొడుగులు, నీళ్లు దూరని బూట్లు. ఇద్దరికీ. నేను ముందు చూసింది ధర చీటీలు. వాన జాకెట్టు ఒక్కోటి 150 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి, అంత డబ్బుకి ఇంత పల్చటి గుడ్డా అనుకున్నాను. చేత్తో పట్టుకుంటే బరువే లేదు. ఇది చలినేం ఆపుతుందని అడిగాను.

"నాన్నా, అక్కడ ఉట్టి చలి కాదు. వాన, గాలి. స్వెట్టర్లు తడిస్తే ఇంక పనికిరావు" అంది అమ్మాయి.

"బదరీనాథ్ వెళ్లొచ్చినవాణ్ణమ్మా. చలి నాకు కొత్తా?" అన్నాను.

బదరీలో చలి నిజమే. మేం వెళ్లినప్పుడు వాన లేదు. చీకటి పడితే గదిలో రజాయిలు కప్పుకుని పడుకున్నాం, పగలు ఎండలో తిరిగాం. అది పొడి చలి. పొడి చలిలో మందపాటి బట్ట ఏదైనా కాపాడుతుంది. ఆ ఒక్క అనుభవంతో లోకంలో చలంతా ఒకటేనని తేల్చేసుకున్నాను. నావి తిరిగి ఇచ్చేసి రమ్మన్నాను. పాపం, ఆ పిల్ల మారు మాట్లాడకుండా వెళ్లి ఇచ్చేసి వచ్చింది.

మా ఆవిడ ఈలోపల లోపలి గదిలోకి వెళ్లి తనవి వేసుకుని చూసుకుంది. ఆ వాన ప్యాంటు, జాకెట్టు వేసుకుని బయటికి వచ్చి, "తేలిగ్గా ఉన్నాయండీ. నడవడానికి కూడా హాయిగా ఉంది" అంది. మొహంలో సంతోషం ఉంది. నేను ఆ సంతోషాన్ని చూసి కూడా, "ఈ వయసులో ప్యాంట్లేమిటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను. ఆ ఓడలో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఏమనుకుంటారో అని నేను భయపడిన ఆ నలుగురూ నాలోనే ఉన్నారు. ఆవిడ లోపలికి వెళ్లి చీర కట్టుకుని వచ్చింది. ఆ బట్టలు మడత పెట్టి అమ్మాయి అలమారాలో పెట్టేసింది.

నేను సర్దిన పెట్టెలో ఏమున్నాయో చెబుతాను. చలికాలంలో మన ఊళ్లలో రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు అమ్మే మందపాటి స్వెట్టర్లు. ఢిల్లీలో ఉద్యోగం చేసి వచ్చిన మా బావమరిది ఇచ్చిన పెద్ద ఓవర్‌కోటు. మంకీ టోపీ. నూలు బనీన్లు, నూలు చొక్కాలు, జీన్సు ప్యాంటు. ఆవిడకి రెండు స్వెట్టర్లు, సభల్లో నాకు కప్పిన శాలువాలు, చెప్పుల్లోకి మేజోళ్లు. ఓవర్‌కోటు ఒక్కటే నాలుగు కిలోలు ఉంటుంది. ఆ బరువు చూసే నాకు ధైర్యం. బరువుగా ఉన్నదే వెచ్చగా ఉంటుందన్న నమ్మకం అంత గట్టిగా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను చెప్పిన పాఠంలో అయితే అది లేదు.

ఓడ లోపల అంతా వెచ్చగా ఉంటుంది. మన ఊళ్లో జనవరి సాయంత్రంలా ఉంటుంది. మొదటి రోజు సముద్రం మీదే. ఆ రాత్రి అందరూ మంచి బట్టలు వేసుకుని భోజనానికి రావాలన్నారు. మా ఆవిడ కంచిపట్టు చీర కట్టుకుంది. పక్క బల్ల దగ్గరి వాళ్లు లేచి వచ్చి చీర బాగుందని మెచ్చుకున్నారు. నా నిర్ణయం సరైనదేనని ఆ పూట అనుకున్నాను. నిజానికి చీరకి ఆ ఓడ లోపల ఏ లోటూ లేదు. నేను ఆలోచించాల్సింది తలుపు అవతలి సంగతి.

తలుపు అవతల మొదటి పాఠం గాలి చెబుతుంది. ఓడ గంటకి 20 నాటికల్ మైళ్ల వేగంతో వెళితే, బయట ఆకు కదలకపోయినా పైడెక్కు మీద నిలబడినవాడికి గంటకి 37 కిలోమీటర్ల గాలి కొడుతుంది. ఆ గాలి ఓడే పుట్టిస్తుంది. ఎదురుగాలి ఉంటే అదీ తోడవుతుంది. గాలి వేగంతో చలి ఎంత పెరుగుతుందో కొలవడానికి అంటార్కిటికాలో సైపుల్, పాసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నీళ్లు ఎంతసేపట్లో గడ్డకడతాయో చూస్తూ ప్రయోగాలు చేశారు. 1945లో ప్రచురించారు. దాన్ని సవరించి 2001 నుంచి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు కొత్త సూత్రం వాడుతున్నాయి. ఆ లెక్క ప్రకారం 5 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి సున్నా డిగ్రీల్లా తగులుతుంది. అల్లిన స్వెట్టరుకి అన్నీ కన్నాలే. గాలి ఆడని గదిలో అది గాలిని పట్టి ఉంచుతుంది, వెచ్చగా ఉంటుంది. గాలి కొట్టే చోట లోపలి వెచ్చటి గాలి క్షణంలో కొట్టుకుపోతుంది, దాని చోట చల్లగాలి వస్తుంది. ఇదే సంవహనం. అమ్మాయి కొన్న ఆ బరువు లేని జాకెట్టు చేసేదల్లా ఈ గాలిని ఆపడమే. అది ఆగితే లోపలి స్వెట్టరు తన పని తాను చేసుకుంటుంది.

జూనోలో తుంపర. గొడుగు తీస్తే గాలికి తిరగబడింది. మెండెన్‌హాల్ అనే మంచునది దూరంగా కనిపించింది, కానీ ఆవిడ చూడాలనుకున్నట్టు సముద్రంలోకి దిగేది కాదది. మంచుకి ముందు ఒక చెరువు ఉంటుంది. తొందరగానే వెనక్కి వచ్చేశాం. నా జీన్సు ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. గదిలో వేలాడదీస్తే మర్నాటికీ ఆరలేదు.

స్కాగ్వేలో ఒక హెచ్చరిక దొరికింది. అది చిన్న ఊరు. 1896లో కెనడాలోని క్లాండైక్ ప్రాంతంలో బంగారం దొరికిందని తెలిసి, 1897లో, 98లో వేలాది మంది సియాటిల్ నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడ దిగి, కొండ కనుమలు దాటి వెళ్లారు. ఏడాదికి సరిపడా సామాను లేనివాణ్ణి సరిహద్దు దగ్గర కెనడా పోలీసులు లోపలికి పోనివ్వలేదు. ఆ సామాను మొత్తం కలిపి దాదాపు ఒక టన్ను. అప్పట్లో దుకాణాల వాళ్లు అచ్చువేసిన సామాను జాబితాలు ఇప్పుడు మ్యూజియంలో గోడ మీద ఉన్నాయి. నేను నిలబడి చదివాను. ఒంటికి అంటే లోపలి బట్టలు, వాటి మీద మందపాటి ఉన్ని కోటు, అన్నిటి మీదా నూనె పట్టించిన వాన దుస్తులు. ఉన్ని మేజోళ్లు డజను, ఉన్ని చేతి తొడుగులు, రబ్బరు బూట్లు. మా అమ్మాయి సోఫా మీద పరిచిన వాటినే నూటపాతికేళ్ల కిందటి పేర్లతో రాసినట్టుంది. బతకడానికి వెళ్లేవాళ్లు, ఒక్కో కిలో వీపు మీద మోసుకుని కొండ ఎక్కాల్సినవాళ్లు, అనవసరమైనది ఒక్కటి కూడా రాసుకుని ఉండరు. ఇది నాకు ఆ గోడ ముందే తట్టాలి. బంగారం కోసం మనుషులు ఎంత కష్టపడ్డారో అనుకుంటూ ముందుకి కదిలాను. ఆ ఊళ్లో దుకాణాలు వరసగా ఉన్నాయి. వాన జాకెట్లు బయటే వేలాడుతున్నాయి. మా ఆవిడ ఒకదాని చెయ్యి పట్టుకుని చూసింది. నేను ముందుకి నడుస్తున్నానని వదిలేసి నా వెనకే వచ్చింది.

మర్నాడు గ్లేసియర్ బే.

పొద్దున్నే, అఖాతం మొదట్లో, పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కారు. రోజంతా మైకులో చెబుతూనే ఉన్నారు. అక్కడికి రోజుకి రెండు పెద్ద ప్రయాణికుల ఓడల్ని మించి రానివ్వరు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకోవర్ మనుషులు ఈ తీరానికి వచ్చినప్పుడు అఖాతమే లేదు. దాని నోటి దగ్గరే మంచు గోడ ఉంది. 1879లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 60 కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు నోటి నుంచి చివరి దాకా 100 కిలోమీటర్లు నీళ్లే. చివర్లో మార్జరీ గ్లేసియర్ ఉంది. దాని వెడల్పు సుమారు 1.6 కిలోమీటర్లు, నీటి పైన కనిపించే ఎత్తు 75 మీటర్లు. మా ఆవిడ చూడాలనుకున్నది సరిగ్గా దీన్నే.

ముందు వరసలో చోటు దొరకాలని నేను తొందరపెట్టాను. గదిలోనే అన్నీ వేసుకోమన్నాను. నూలు లంగా, చీర, రెండు స్వెట్టర్లు, శాలువాలు. నేను బనీను, చొక్కా, రెండు స్వెట్టర్లు, ఓవర్‌కోటు. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు. లిఫ్టుల దగ్గర జనం ఉంటే మెట్లెక్కాం. వెచ్చటి ఓడ లోపల, అన్ని బట్టలతో, అన్ని అంతస్తులు. పైకి వచ్చేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఒంటికి అంటుకున్న నూలు గుడ్డ ఆ చెమటనంతా పీల్చుకుంది. అలాగే తలుపు తోసుకుని గాలిలోకి వెళ్లాం.

నూలు బట్ట మన ఎండలకి పుట్టిన బట్ట. చెమటని పీలుస్తుంది, గాలికి ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి ఒంటి వేడిని తీసుకుపోతుంది. వేసవిలో తడిగుడ్డ చుట్టిన కూజాలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీల వేడి కావాలని పాఠంలో ఉంటుంది. అది మరిగే నీటి లెక్క. ఒంటి మీది చెమటకి ఇంకాస్త ఎక్కువే కావాలి. ఆ వేడి ఇంకెక్కడి నుంచీ రాదు, ఒంట్లోంచే రావాలి. పైగా తడిసిన బట్టలో పోగుల మధ్య గాలి పోయి నీళ్లు చేరతాయి. నిశ్చలంగా ఉన్న గాలి కన్నా నీరు సుమారు 25 రెట్లు సులువుగా వేడిని మోసుకుపోతుంది. మా భీమవరంలో మే నెలలో నన్ను కాపాడే గుణమే, 5 డిగ్రీల చలిలో, నడిచే ఓడ మీద, నా మీదికి తిరిగింది. కొండలెక్కేవాళ్లు నూలు బట్టని దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

చినుకులు ఆగలేదు. మంచు మీంచి కిందికి జారే చల్లగాలి ఎదురొచ్చింది. డెక్కు చెక్కల మీద నీళ్లు నిలిచాయి. ఆవిడ చీర కుచ్చెళ్ల అంచు ఆ నీళ్లలో ఆనింది. సన్నటి పోగుల మధ్య నుంచి నీరు దానంతటదే పైకి పాకుతుంది. కిరసనాయిలు దీపం ఒత్తి పెట్టి ఈ కేశనాళిక ధర్మాన్ని నేను పిల్లలకి చూపించేవాణ్ణి. కాసేపటికి పిక్కల దాకా చీర తడిసి కాళ్లకి అంటుకుంది. మేజోళ్లతో చెప్పులు వేసుకుంది కాబట్టి పాదాలు ముందే తడిశాయి. ఆవిడ ఏమీ అనలేదు. రెయిలింగు పట్టుకుని ముందుకే చూస్తోంది. చలేస్తోందా అని నేను ఒకసారి అడిగాను. ఫర్వాలేదంది. ఆ ఫర్వాలేదు అన్న మాటని నమ్మడం నాకు పెళ్లైన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. నమ్మితే నాకు సుఖం.

ఓడ ఇంకా ఆ మంచు దగ్గరికి చేరలేదు. ఆవిడ స్వెట్టరు గుండీ పెట్టుకోబోయింది. వేళ్లు పట్టు దొరక్క జారిపోతున్నాయి. నేను పెడదామని చెయ్యి వేస్తే, ఆ వేళ్లు ముట్టుకున్నాక గుండె ఝల్లుమంది. ఏదో అడిగితే మాట నెమ్మదిగా, ముద్దగా వచ్చింది. ఒళ్లంతా వణుకుతోంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే అది ప్రమాదం. దాని మొదటి గుర్తులే ఇవన్నీ. వయసు మీరినకొద్దీ ఒళ్లు చలిని ఆలస్యంగా పసిగడుతుంది, వేడిని తక్కువగా పుట్టిస్తుంది. దుప్పట్లు పంచుతున్న ఓడ సిబ్బందిలో ఒకమ్మాయి చూసి, గబగబా వచ్చి ఆవిడ చుట్టూ దుప్పటి చుట్టి, వెంటనే లోపలికి తీసుకెళ్లమంది. అన్నిటికన్నా ముందు తడి బట్టలు తీసెయ్యమంది. తడి బట్టల మీద ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదంది. నా వయసులో సగం కూడా లేని ఆ పిల్ల నా పాఠం నాకు చెప్పింది.

గదిలో పొడి బట్టలు కట్టుకుని, దుప్పట్లు కప్పుకుని, వేడి పాలు తాగాక వణుకు తగ్గింది. మాట తేటపడింది. అప్పుడే మైకులో చెప్పారు, మార్జరీ దగ్గరికి వచ్చేశామని. ఓడ అక్కడ గంటసేపు ఆగి, రెండు పక్కలవాళ్లకీ కనిపించేలా మెల్లగా తిరుగుతుందని. ఆవిడ లేవబోయింది. కట్టుకోవడానికి పొడిగా ఉన్నవన్నీ పట్టుచీరలూ నూలు చీరలూ. పైన వేసుకోవడానికి తడవనిది ఒక్కటీ లేదు.

"మీరు వెళ్లి చూసి రండి" అంది.

నేను వెళ్లాను.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. బట్టల సంగతి తెలియనితనం అనుకోవచ్చు. ఇది తెలిసి చేసిన పని. ఆవిడ పక్కన కూర్చోవాల్సిన గంట అది. టికెట్టుకి అంత డబ్బు పోశాం, ఇద్దరిలో ఒకరైనా చూడాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పైకి వెళ్లి నిలబడ్డాను. ఆ మంచు తెల్లగా ఉండదు. దట్టమైన మంచు ఎరుపు కాంతిని మింగి నీలాన్ని వదులుతుంది. అందుకే గోడలోని పగుళ్లన్నీ నీలం. ముందు మంచు పెళ్ల విడివడి పడడం కనిపించింది. ఆ తరవాత ఉరుములా శబ్దం వచ్చింది. అందరూ ఒక్కసారి కేక వేశారు. నేను ఎవరికి చూపించాలో తెలియక చుట్టూ చూశాను.

కిందికి వెళితే ఆవిడ మేలుకునే ఉంది. ఎలా ఉందండీ అని అడిగింది. చెప్పాను. ఫోన్లో తీసిన వీడియో చూపించాను. రెండోసారి కూడా చూసి, శబ్దం ఇక్కడిదాకా వినిపించిందండీ అంది. ఆ గదికి కిటికీ లేదు.

తరవాతి మజిలీ కెచికాన్. అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. మన కోస్తా జిల్లాల్లో పడేది దాదాపు వెయ్యి. ఆ ఊళ్లో అందరి కాళ్లకీ గోధుమరంగు రబ్బరు బూట్లే. ఓడ దిగగానే ఆవిడ దుకాణంలోకి నడిచింది. ఈసారి నేను వెనక. వాన జాకెట్టు, వాన ప్యాంటు, లోపలి బట్టలు, ఉన్ని మేజోళ్లు, బూట్లు తనే ఏరుకుంది, తనే వేసుకుని చూసుకుంది. ఆవిడ ఏం వేసుకోవాలో ఆవిడ ఎంచుకోవడం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చీరలు కొనేటప్పుడు కూడా రంగు నేనే చెప్పేవాణ్ణి. ఆ బట్టలతో ఆవిడ వానలో ఊరంతా తిరిగింది. వాగులో సాల్మన్ చేపలు ప్రవాహానికి ఎదురీదడం వంతెన మీద నిలబడి చూసింది. నా ఓవర్‌కోటు ఇంకా నీళ్లు కారుతోంది. నేను తొందరగా ఓడలోకి వచ్చేశాను.

అదే ఊళ్లో పాత టోటెమ్ స్తంభాలు దాచిన కేంద్రం ఒకటుంది. ఆ తీరపు ట్లింగిట్ జనం స్ప్రూస్ చెట్టు వేళ్లతో, దేవదారు బెరడుతో టోపీలు అల్లేవారని, వాన వాటి మీంచి జారిపోయేదని ఆవిడ వచ్చి చెప్పింది. ఇంకా పడమట, బేరింగ్ సముద్రం వైపు మనుషులు సీల్ పేగుల్ని శుభ్రం చేసి, ఎండబెట్టి, నీరు దూరని కుట్టుతో వానకోట్లు కుట్టుకునేవారు. తోలు పడవల్లో వేటకి వెళ్లేవాళ్లకి అవే రక్ష. కాగితంలా పల్చన, చాలా తేలిక. వేల ఏళ్లు ఆ చలిలో బతికినవాళ్లు పై పొరకి మందాన్ని కోరుకోలేదు. నీరూ గాలీ దూరకూడదని కోరుకున్నారు.

సియాటిల్ తిరిగి వచ్చాక అలమారాలో ఆవిడ మడత పెట్టిన బట్టలు బయటికి తీసి, ఒక్కొక్కటీ ఎలా పని చేస్తుందో చదివాను. మెరినో ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పోగుల లోపలే దాచుకుంటుంది, అయినా ఒంటికి తడి తెలియదు. ఫ్లీస్ పాలియెస్టరు. 1979లో అమెరికాలో ఒక మిల్లు తయారుచేసింది. నీటిని దాదాపు పీల్చదు, పిండి దులిపితే ఆరుతుంది. వాన జాకెట్టులోని పొర 1969లో బాబ్ గోర్ కనిపెట్టినది. టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా లాగి సాగదీస్తే అందులో కోట్లాది సన్నటి రంధ్రాలు ఏర్పడ్డాయి. వాన చుక్క అందులోంచి దూరలేదు, చెమట ఆవిరి బయటికి పోగలదు. అమ్మాయి కొన్నవాటిలో లేని, ఈకలు కూరిన జాకెట్టు గురించి కూడా చదివాను. దానికి సియాటిల్ వ్యాపారి ఎడ్డీ బావర్ 1940లో పేటెంటు తీసుకున్నాడు. శీతాకాలంలో చేపల వేటకి వెళ్లి, తడిసిన ఉన్ని చొక్కా గడ్డకట్టి చావు దాకా వెళ్లి వచ్చాక అతనికి ఆ ఆలోచన వచ్చింది. అది పొడి చలికి చాలా మంచిది. వానలో ఈకలు ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి, పైన వాన జాకెట్టు తప్పనిసరి. మంచి ఉన్ని అయినా, ఈక అయినా, పైన నీరు ఆపే పొర లేకపోతే అలాస్కా వానకి నిలవదు.

ఈ ప్రయాణానికి సిద్ధమవుతున్న నా ఈడు వాళ్లకి చెప్పాల్సింది కొంచెమే. పిల్లలు కొన్నవి తిరిగి ఇప్పించకండి. ఖరీదు ఎక్కువనుకుంటే లోపలి బట్టలు మన దగ్గరే కొనుక్కోండి, స్వెట్టర్లు ఉన్నవే పట్టుకెళ్లండి, వాన జాకెట్టు దగ్గర, బూట్ల దగ్గర మాత్రం వెనకాడకండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని, మందపాటి ఉన్ని మేజోళ్లు ఒక్క జతే వేసుకోండి. రెండు జతలు బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఓడ లోపల జాకెట్టు చేతిలో పట్టుకుని, బయటికి అడుగు పెట్టే తలుపు దగ్గర వేసుకోండి. చెమట పట్టాక చలిలోకి వెళ్లకండి. ఒక జత పొడి బట్టలు ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. డబ్బు ఎక్కడ తగ్గించినా ఫర్వాలేదు, కిటికీ ఉన్న గది తీసుకోండి.

చీరలు భోజనాల హాలుకి తీసుకెళ్లండి, హాయిగా కట్టుకోండి. డెక్కు మీదికి వెళ్లేటప్పుడు మాత్రం మీ ఇంట్లో ఆడవాళ్లు ఏం వేసుకుంటామంటే అది వేసుకోనివ్వండి. నలుగురూ ఏమనుకుంటారోనని నాలాగా వాళ్లకి అడ్డుపడకండి.